దూడ ఎటు తిరిగి ఉంది

పరీక్ష హాల్లో నా బెంచీ పక్కన గేదె ఈనుతోంది. ప్రశ్నపత్రంలో చివరి ప్రశ్న అదే: దూడ లోపల ఎటు తిరిగి ఉంది? కింద నాలుగు జవాబులు. సరైన బబుల్ దిద్దితే పశువైద్య కాలేజీలో సీటు, తప్పితే లేదు. ఆ సీటు కోసం నేను రెండేళ్లుగా నిద్ర మానేశాను.

నాలుగూ తప్పే. దూడ తలా, ఒక కాలూ సరిగ్గానే ఉన్నాయి, రెండో ముందుకాలు మాత్రం వెనక్కి మడతపడింది. ఊళ్ళో గేదెలకు పురుడు పోసే మా రాజరత్నం పిన్ని పక్కన నిలబడి ఇలాంటివి చాలా చూశాను. చెయ్యి పెట్టి సరిచేస్తే అయిపోయే పని.

ముందు బెంచీ తన్మయి గేదెను దగ్గరగా చూడటం ఇదే మొదలు. చూసీ చూడకుండా 'సి' దిద్దేస్తుంది. గోడ తెరుచుకుంటుంది. ఆ పిల్ల అటు నుంచి అటే కాలేజీకి వెళ్ళిపోతుంది, గోడ మూసుకుంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

ఇన్విజిలేటర్ సుభాషిణి మేడమ్‌ను పిలుస్తాను. ఆవిడ నడుస్తున్నకొద్దీ హాలు పొడవవుతుంది. అయినా వచ్చేస్తుంది, అలవాటైన మనిషి.

"మేడమ్, చెయ్యి పెట్టకపోతే దూడ చచ్చిపోతుంది."

మేడమ్ నా ప్రశ్నపత్రం తీసుకుని ఓపిగ్గా చదువుతుంది.

"చచ్చిపోవడం ఆప్షన్లలో లేదమ్మా. కూర్చో."

ఏదో ఒకటి గుడ్డిగా దిద్దేద్దామనుకుంటాను. గేదె నావైపు చూస్తుంది. పెన్ను పెట్టబుద్ధి కాదు. జడ పిండి, ఆ కొబ్బరినూనె మోచేతిదాకా రాసుకుని చెయ్యి లోపలికి పెడతాను. నొప్పి తెరిపిచ్చినప్పుడు దూడను కాస్త వెనక్కి తోసి, గిట్టను గుప్పిట పట్టి కాలు ముందుకు తెస్తాను. దూడ జారి బెంచీల మధ్య పడి తుమ్ముతుంది. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

మేడమ్ కోప్పడదు. దూడను కొంగుతో తుడిచి, నా బెంచీ మీద కూర్చోబెట్టి, నా హాల్ టికెట్ దాని ముందు పెడుతుంది.

"జవాబు బయటికి వచ్చేసింది కదమ్మా. ప్రశ్న ఖాళీగా ఉంటే మిగతా పిల్లలు నష్టపోతారు. నువ్వు లోపలికి వెళ్ళు."

ఆవిడ మాటలో తప్పు కనపడదు. చెప్పులు విప్పి లోపలికి దూరతాను. వెచ్చగా, ఇరుగ్గా ఉంది. కుడిచెయ్యి వెనక్కి మడతపడింది, ఎంత లాగినా రాదు. భయమేస్తోంది. గేదె చర్మంలోంచి హాలంతా కనిపిస్తోంది. నేను ఎటు తిరిగి ఉన్నానో అందరూ తల వంచుకుని దిద్దుతున్నారు. అందరికన్నా ముందు, నా బెంచీ మీద, గిట్టల మధ్య పెన్ను పట్టుకుని, దూడ దిద్దుతోంది.