సాంచెల నడుమ ఒక్కడు

రాజయ్య మరమగ్గం నాడెలోంచి ఖాళీ కండె తీసి, నూలు నిండిన కండె దూర్చి మీట వేశాడు. సాంచె మళ్లీ దడదడమంది. ఆ చప్పుడు అతనికి చెవుల్లో కన్నా అరికాళ్లలోనే ఎక్కువగా తెలుస్తుంది. రెండేళ్లుగా చెవులు దాదాపు పనిచేయడం లేదు. ఆ సంగతి అతని భార్య నీలకు తప్ప ఎవరికీ తెలియదు. సిరిసిల్లలో చెవిటివాడికి సాంచెల షెడ్డును మించిన చాటు లేదు. అక్కడ చెవులున్నవాళ్లకూ మాట వినపడదు; అందరూ పెదవులు చూసుకునే మాట్లాడుకుంటారు.

ఎదురు వరుసలో రవీందర్. పందొమ్మిదేళ్లుగా అతను సినిమా చూసి వస్తాడు, రాజయ్య లైబ్రరీ పుస్తకం చదివి వస్తాడు. ఆ కథలు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరికీ ఒకే రకం కథ కావాలి. మనిషి ఒక్కడే ఎక్కడో చిక్కుకోవాలి, బతకడానికి కొట్లాడాలి. ఎనిమిది సాంచెల మధ్య పన్నెండు గంటలు నిలబడేవాడికి ఇంకేం కథ రుచిస్తుంది?

ఈ రోజుతో ఆ ముచ్చట సరి. రవీందర్ కోరుట్లలో బావమరిది టెంట్ హౌస్‌లో పనికి కుదిరాడు.

"మావోడు మంచుల చిక్కిండు రాజన్నా. కాలిరిగినా ఆగలే, పాక్కుంటనే కొండ దిగిండు" అన్నాయి రవీందర్ పెదవులు.

"మావోడు నడి సముద్రంల ఉన్నడు. నలభై పేజీలు ఏడుసుకుంటనే కూసున్నడు."

"గాయినేం హీరోనే?"

"మీవోడు ఒంటరిగ ఏడున్నడుర? కెమెరా ఎంబడే ఉండె. సూసెటోళ్లు మీరింతమంది ఉంటిరి. మావోనికి నేనొక్కన్నే."

రవీందర్ నవ్వాడు. "అదంత కాదు, బతికిండా?"

"బతికిండు. ఒడ్డుకచ్చినంక ఎవలతోని మాట్లాడాల్నో తెల్వక తిప్పలవడ్డడు."

నిజానికి పుస్తకంలో ఆ ముక్క లేదు. ఎందుకన్నాడో రాజయ్యకు తెలుసు. తెగని దారం తెగినట్టు వెతుకుతూ వంగాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. రాజయ్యకు భయమల్లా ఈ నిశ్శబ్దమే. రవీందర్ అటు తిరిగి అన్నం తింటూ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు కాబట్టి రాజయ్యా నవ్వాడు. ఇప్పుడు చెప్పేయాలనుకున్నాడు. 'నాకు ఇనవడదుర. ఫోన్ చెయ్యకు, మనిషివే రా.' కానీ షెడ్డు నడిపే ఆసామి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. సాంచె చప్పుడు మారితే పసిగట్టలేనివాణ్ణి ఏ ఆసామి ఉంచుకుంటాడు? మాట ముద్దతోపాటు లోపలికి పోయింది.

సాయంత్రం రవీందర్ సంచీ భుజానేసుకుని వచ్చి, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దతో రాజయ్య వెనకున్న గోడ మీద ఏదో రాశాడు. తర్వాత రాజయ్య ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"సినిమా సూసినప్పుడల్ల ఫోన్ చేస్త రాజన్నా."

"చెయ్యి" అన్నాడు రాజయ్య.

రవీందర్ బస్సుకు వెళ్లిపోయాడు. పక్క వరుస నర్సయ్య వచ్చి రాజయ్య భుజం తట్టి, గోడ చూపించాడు.

"నువ్వు ఎప్పుడు మొకంలకే గుచ్చిగుచ్చి సూస్తవు గద. నీకు సూపు ఆనదనుకొని పెద్దగ రాసిండు."

గోడ మీద రవీందర్ ఫోన్ నంబరు, జానెడేసి అంకెల్లో, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉంది.