ఆగస్టు ఏడున రావలసిన పురుగులు

కుప్పం దగ్గర చెంగల్రాయుడి తోట పక్కన వ్యాన్ ఆగగానే కుసుమ గుండె జారిపోయింది. ఆకుతో కళకళలాడాల్సిన మల్బరీ తోటలో కత్తిరించిన మోళ్లు, వాటికి వేలెడంత చిగుళ్లు. వ్యాన్‌లోనేమో ట్రేల నిండా పట్టుపురుగు పిల్లలు. పుంగనూరులోని తన కేంద్రంలో గుడ్లు పొదిగించి, పసిబిడ్డల్లా సాకి తెచ్చింది.

"యాలమ్మా ఇప్పుడే తెచ్చినావు?" చెంగల్రాయుడు తెల్లబోయాడు. "నేను జెప్పింది ఆగస్టు ఏడు గదా. దానికి ఆకు అందాలనే ఇప్పుడు కత్తిరించినా."

వెంట తెచ్చిన కొత్త ల్యాప్‌టాప్ తెరిస్తే, రైతుల తేదీల షీటులో మాత్రం ఈ రోజే, జూలై ఎనిమిది అని ఉంది. ఏడో తేదీ, ఎనిమిదో నెల అనుకుని 7/8 అని కొట్టింది తనే. కూతురు కీర్తికి ఫోన్ చేసింది.

"అది అమెరికా పద్ధతిలో ఉండాదేమో అమ్మా. ఆడ నెల ముందు రాస్తారు. పన్నెండు దాటిన తేదీలు గడిలో ఎడమపక్కకు అతుక్కోనుండాయా సూడు."

అతుక్కునే ఉన్నాయి. పదమూడో నెల ఉండదు కనుక వాటిని తేదీలుగానే లెక్కలోకి తీసుకోలేదు ఆ ల్యాప్‌టాప్ మహాతల్లి. సెట్టింగును ఇండియాకు మార్చింది. అంకెలు అటూ ఇటూ అయ్యాయే తప్ప జూలై జూలైగానే ఉండిపోయింది.

"కొట్టినప్పుడే తప్పుగా తీసుకునింది. అన్నీ మళ్లీ కొట్టాల్సిందే" అంది కీర్తి.

మరి ఈ రోజు పురుగులు అందాల్సింది ఎవరికి? ఆగస్టు ఏడు దగ్గర మదనపల్లె సుదర్శన్ పేరు కనిపించింది. అంటే అతనిది జూలై ఎనిమిది. కుసుమకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"పోయిన వారమే అడిగితిని గదమ్మా, ఆకు తయారుగా ఉండాది, పురుగులెప్పుడని," అన్నాడు సుదర్శన్. "కంప్యూటర్ సూసి ఆగస్టు అనింటివి. అంతదాకా నిలవదని గొర్రెలకు కోసేసినా."

అతను అడిగిన మాట నిజం. తోటలో ఆకు చూసి అడుగుతున్న మనిషికి తను గడిలో ఉన్న తేదీ చదివి వినిపించింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ట్రేలలో పురుగులు తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి. చెంగల్రాయుడు కాసేపు వాటినే చూశాడు. తర్వాత తోటలోకి దిగి, చిగుళ్లు తుంచి కండువాలో వేసుకోసాగాడు.

"వద్దప్పా. అవి తుంచితే నీ ఆగస్టు పంట పోతాది," అంది కుసుమ.

"తెలుసమ్మా. ఆకలితో ఉండేవాటికి ఆగస్టు దాకా ఆగమని జెప్తామా? నువ్వూ దిగు."