తెరవని వార్డు

ఆ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడను అందరూ ఇస్త్రీ వదిన అంటారు. ఆ ఉదయం ఆవిడ ఉతుకుతున్న దుప్పట్లకు మరకలు లేవు, మందుల వాసన లేదు. ఉన్నదల్లా దుమ్ము. వాటి మీద ఇంతవరకు ఏ రోగీ పడుకోలేదు. కొత్తగా కట్టిన డయాలసిస్ వార్డు దుప్పట్లవి. ప్రారంభోత్సవం అని పైనుంచి కబురు వచ్చినప్పుడల్లా ఆవిడ వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, మంచాల మీద ముడత లేకుండా పరిచి వస్తుంది. ప్రారంభోత్సవం వాయిదా పడుతుంది. కిటికీ సందుల్లోంచి దుమ్ము వచ్చి పడుతుంది. మళ్ళీ కబురు వస్తుంది.

వినడానికి ఇది నవ్వులాటగా ఉండవచ్చు. కాని పాఠకులారా, ఆవిడ భర్తకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. ఆయన దర్జీ. వారానికి రెండుసార్లు తెల్లవారకముందే బస్సెక్కి, ఎక్కడో ఉన్న మహానగరానికి పోయి, రక్తం శుద్ధి చేయించుకుని వస్తాడు. వచ్చిన మర్నాడు కుట్టుమిషను తొక్కే ఓపిక కూడా ఉండదు. భార్య పక్క పరిచే మంచాల పక్కనే, ప్లాస్టిక్ కవరు విప్పని యంత్రాలు వరసగా ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళను కూడా ఉద్యోగాల్లో వేశారు, వాళ్ళు రోజూ వచ్చి ఊరికే కూర్చుని పోతున్నారు. ఇంటి నుంచి ఆ వార్డుకు నడిచి వెళ్ళవచ్చు.

వార్డును ఎవరు ప్రారంభించాలో తేలకనే అది మూతపడి ఉంది. ఆ దేశంలో ఒకప్పుడు అధికారమంతా అధ్యక్షుడిదే. ఒక్కడి చేతిలో అంత పెత్తనం మంచిది కాదని జనం పోరాడి రాజ్యాంగాన్ని మార్పించుకున్నారు. ఇప్పుడు జనం ఓట్లతో గెలిచిన అధ్యక్షుడూ ఉన్నాడు, శాసనసభలో బలమున్న ప్రధానమంత్రీ ఉన్నాడు. ఇద్దరివీ వేరు వేరు పార్టీలు, ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వార్డు కట్టించిన నిధి అధ్యక్షుడి చేతిలోది, ఆసుపత్రులు చూసే శాఖ ప్రధానమంత్రిది. కత్తిరించాల్సిన రిబ్బను మాత్రం ఒక్కటే.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వచ్చేసరికి భర్త గోడకానుకుని కూర్చున్నాడు. పక్కన భర్త అన్నగారు ఉన్నారు. ఆయన పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ఆ ఉదయం బస్సు ఎక్కకుండా మానేశానని భర్త చెప్పాడు. ఇంతకు ముందోసారి కూడా భార్యకు తెలియకుండా మానేశాడట.

"ఇక నావల్ల కాదు," అన్నాడు. "ఆ బస్సులో చచ్చేకన్నా ఇంట్లో పోవడం నయం."

ఆవిడకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా.

మాస్టారికి బాధ కలిగితే పాఠం చెప్పడం అలవాటు. కొన్ని దేశాల్లో అధ్యక్షుడే దేశానికీ ప్రభుత్వానికీ పెద్ద అని, ఇంకొన్ని చోట్ల రాజో, అధ్యక్షుడో ఉత్సవ విగ్రహంలా ఉంటే మంత్రివర్గం పాలిస్తుందని, సభకు నమ్మకం పోయిననాడు ఆ మంత్రివర్గం దిగిపోవాల్సిందేనని చెప్పుకొచ్చారు. మనది రెండూ కలిసిన పద్ధతి అన్నారు. ఇద్దరికీ నిజమైన అధికారమే ఉందట, పొత్తు కుదిరినన్నాళ్ళు బాగానే నడుస్తుందట. తమ్ముడు కళ్ళు మూసుకుని విన్నాడు.

"అదంతా సరే, బావగారూ," అంది ఆవిడ. "ఆ గది తలుపు తియ్యడానికి వీళ్ళిద్దరిలో ఎవరు ఒప్పుకోవాలి?"

ఇన్నేళ్ళు ఇన్ని దేశాల పాలన గురించి చెప్పిన మాస్టారికి ఈ ప్రశ్న ఎప్పుడూ ఎదురుకాలేదు. "ఎవరూ అక్కర్లేదమ్మా," అన్నారు. "రిబ్బను కత్తిరించడం మర్యాద. వార్డు నడపడం సూపరింటెండెంటు పని."

మర్నాడు ఆవిడ నేరుగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడే స్థితికి వచ్చిన మంచి డాక్టరు. దుప్పట్లు పరిచావా అని అడిగారు. పరిచానని చెప్పి ఆవిడ అక్కడే నిలబడింది.

"అయ్యా, ఆ వార్డు తెరవొద్దని మీతో ఎవరన్నారు?"

ఆయన కాస్త ఆలోచించారు. "ఎవరూ అనలేదు."

"మరి తెరవమని?"

"అదీ ఎవరూ అనలేదమ్మా." కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. తెరిస్తే అధ్యక్షుడి మనుషులు తనను ప్రధానమంత్రి మనిషి అంటారని, ప్రధానమంత్రి మనుషులేమో అధ్యక్షుడి మనిషి అంటారని, తన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయిందని చెప్పుకున్నారు.

ఆవిడ అంతా విని నెమ్మదిగా, "మా ఆయన బస్సు మానేశాడయ్యా. కాళ్ళు వాచాయి. రాత్రంతా ఊపిరాడక కూర్చునే ఉన్నాడు," అంది.

ఆ మాటలకు అర్థం డాక్టరుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన లేచి తాళాలు తీసుకున్నారు. ఆ మధ్యాహ్నమే దర్జీ ఆ వార్డులో మొదటి రోగి అయ్యాడు. రిబ్బను లేదు, దండలు లేవు, ఫొటోలు లేవు. రెండు మూడు రోజుల్లో మంచాలన్నీ నిండిపోయాయి. బస్సుల్లో నలిగిపోతున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంతమంది ఉన్నారని అప్పుడుగాని తెలియలేదు.

వారం తిరక్కుండానే సూపరింటెండెంటును మారుమూల ఊరికి బదిలీ చేశారు. ఇన్నాళ్ళు ఒక్క విషయంలోనూ కుదరని ఆ పెద్దలిద్దరూ దీని మీద మాత్రం ఒక్కపూటలో ఏకమయ్యారు. నిండిన మంచాలు ఖాళీ చేయించే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

ఆయన వెళ్ళే రోజు గేటు దగ్గరికి చాలామంది వచ్చారు. దర్జీ తన భార్య చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అడిగింది తాను, శిక్ష ఆయనకు పడిందని ఆవిడ తల ఎత్తలేకపోయింది. మాస్టారు చేతులు జోడించి, ఇద్దరికి పెత్తనమిస్తే ఇలాగే ఉంటుందని, ఒక్కడే ఏలిన పాత పద్ధతే నయమేమోనని వాపోయారు.

సూపరింటెండెంటు అలసటగా నవ్వారు.

"అప్పుడైతే ఆ ఒక్కడి కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాణ్ణి, మాస్టారూ. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఇందులో నా పిడికెడూ ఉంది. పైన ఒకరుండాలా, ఇద్దరుండాలా అన్నది జనం తేల్చుకోవాల్సిందే, అది చిన్న విషయమేం కాదు. కాని వాళ్ళ పేరు చెప్పుకుని, నా చేతిలో ఉన్న అధికారాన్ని ఇన్నాళ్ళు నేనే వాడలేదు. అధికారం ఎవరికి ఎంత ఇచ్చినా, ఎవరి పని వాళ్ళు చెయ్యకపోతే ఏ రాజ్యాంగమూ మనిషిని బతికించలేదు."