గాలెమ్మకు మొహం పెట్టారు

మా గాలెమ్మ చేతికి కత్తి వచ్చిందంటే సగం పాపం నాది. మూడేళ్ళ కిందట సినిమావాళ్ళు కథ వెతుక్కుంటూ మైపాడు దాకా వస్తే, వాళ్ళను తీసుకొచ్చి మా అవ్వ మాలకొండమ్మ ముందు కూర్చోబెట్టింది నేనే. అంగన్‌వాడీ టీచర్ని కదా, మన కథ నలుగురికీ తెలియాలని నాకో పిచ్చి. కొరివితో తల గోక్కుంటున్నానని అప్పుడు తెలియలేదు.

గాలెమ్మ కథ మా సముద్రం ఒడ్డున పాళెం పాళేనికీ తెలుసు. ఏడుగురు అన్నలు తెప్ప మీద వేటకు పోయారు. గాలి తిరగబడింది, తెప్ప రాలేదు. చెల్లెలు గాలెమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి అన్నలను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. గాలి మళ్ళింది, అన్నలు ఒడ్డుకొచ్చారు, ఆమె మాత్రం గాలిలో కలిసిపోయింది. అంతే కథ. కత్తీ లేదు, కిరీటమూ లేదు.

ఏటా వేట నిషేధం అయిపోయి పడవలు నీళ్ళలోకి దిగే ముందురోజు సాయంత్రం అవ్వ ఈ కథ చెబుతుంది. గాలెమ్మ ఒక్కో అన్నను పిలిచినప్పుడల్లా వినేవాళ్ళంతా "ఓయ్" అని పలకాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గాలెమ్మకు గుడి లేదు, బొమ్మ లేదు, పటం లేదు. చెప్పే మనిషి కళ్ళు మూసుకుని, తనకు ఆ కథ చెప్పినావిడ మొహం తలుచుకోవాలి. అదే గాలెమ్మ మొహం. నాకైతే అవ్వ. అవ్వకు వాళ్ళమ్మ వెంకటశేషమ్మ.

అవ్వకు పన్నెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ తుపానులో గుడిసెతో పాటు కొట్టుకుపోయింది. ఆమెకు ఫొటో అంటూ లేదు. ఏడాదికొకసారి కళ్ళు మూసుకుని, కథ చెబుతూ, అవ్వ కన్నతల్లిని చూసుకుంటుంది. ఆ సాయంత్రానికని కొత్త చీర దాచుకుంటుంది కూడా.

సినిమా ఈ ఎండాకాలం వచ్చింది. మూడు వందల కోట్లు పెట్టారంట. నెల్లూరులో ఉదయం ఆటకు అవ్వను తీసుకుపోయాను. హాలు గుమ్మం దగ్గర ఆమె చెప్పులు విడిచేసింది.

"ఇది గుడి కాదవ్వా, వేసుకో," అన్నాను.

"గాలెమ్మను చూడబోతా చెప్పులేందిమే," అని వట్టి కాళ్ళతోనే లోపలికొచ్చింది.

తెర మీద సముద్రం పచ్చటి షర్బత్ రంగులో ఉంది. అందులో ఏనుగంత పీతలు. ఎక్కడి నుంచో ఒక రాకుమారుడు దిగాడు. గాలెమ్మ బంగారు కవచం తొడుక్కుని, చింతగింజంత ముక్కుపుడక పెట్టుకుని, ఎగిరి ఎగిరి దూకుతోంది. పగ తీర్చుకోవడానికి కారణం కావాలి కదా, ఏడుగురు అన్నలనూ పావుగంటలో చంపి అవతల పారేశారు.

అవ్వ నా చెవి దగ్గరికి వంగింది. "అన్నలు చచ్చిపోతే ఇంకెవుర్ని పిలస్తాదిమే?"

"చూద్దాం ఉండవ్వా," అన్నాను. విరామం ముందొకసారి, విరామం తర్వాత రెండుసార్లు అడిగింది, ఇప్పుడు పిలస్తాదా అని. ఆఖరికి గాలెమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడింది. అవ్వ సర్దుకుని కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. తెర నిండా ఆ పిల్ల మొహమే. నోరు తెరిచింది. పేరు రాలేదు, పులి గాండ్రింపు వచ్చింది. నీళ్ళలోంచి కత్తి లాగింది.

"ఓయ్," అంది అవ్వ.

అంత హాల్లో ఆమె ఒక్కతే పలికింది. వెనక వరసలో నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద అరవాలి? ఆఖర్లో అవ్వ పేరు వేస్తామన్నారు. వేశారేమో, అక్షరాలు చీమల్లా పైకి పాకిపోయాయి.

వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. చూసినవాళ్ళంతా తిట్టారు. పీడా విరగడైందనుకున్నాను. అయితే సినిమా పోయింది గానీ ఆ మొహం పోలేదు. బస్సు వెనక అదే, ఐసుబండి మీద అదే, నా కూతురు సాయిలక్ష్మి బడి సంచి మీదా అదే. పాళెంలో పిల్లలు కొబ్బరిమట్టలు పట్టుకుని గాలెమ్మ ఆట ఆడుతున్నారు.

జూన్‌లో ఆ సాయంత్రం వచ్చింది. ఒడ్డున పడవల పక్కన, బాగుచేసిన వలల కుప్పకు ఆనుకుని, అవ్వ కొత్త చీరలో కూర్చుంది. చుట్టూ మేమంతా కూర్చున్నాం. తెల్లారితే నా మొగుడు వినోద్ కూడా పోవాలి. అవ్వ కళ్ళు మూసుకుంది.

"అనగనగా ఏడుగురన్నలు..." అని ఆగింది. కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"కత్తి తియ్యవ్వా!" అంది సాయిలక్ష్మి. వీపు మీద ఒక్కటిచ్చాను. పాపం, దాని తప్పేముంది?

అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి, దొంగతనం చేసినదానిలా చెప్పింది. "ఆ ముక్కుపుడక పిల్లే వస్తుండాదిమే. ఎంత తలుచుకున్నా మా అమ్మ రాలా. మా అమ్మ ఎట్టుండేదిమే, చెప్పు?"

ఆవిడ పోయిన ముప్పై ఏళ్ళకు పుట్టినదాన్ని నేను. నాకేం తెలుసు? డెబ్భై ఏళ్ళు కళ్ళలో దాచుకున్న తల్లిని మూడు గంటల్లో పోగొట్టి అవ్వను ఇంటికి తెచ్చాను. ఎవరి కాళ్ళు పట్టుకుంటే ఆ మొహం తిరిగొస్తుంది?

"నాతో కాదు. నువ్వు చెప్పుమే," అంది అవ్వ. "చెప్పకండా పడవలు పోకూడదు."

కళ్ళు మూసుకుని చెప్పాను. ఏడు పేర్లూ పిలిచాను. పిలిచినప్పుడల్లా అందరూ "ఓయ్" అన్నారు. అందరికంటే గట్టిగా పలికింది అవ్వే. కథ అయింది. మగవాళ్ళు లేచి ఇంజన్లు చూసుకోవడానికి పోయారు.

అవ్వ నా చెయ్యి వదల్లేదు. "నీకెవురు కనపడినారుమే?"

"ఇంకెవురవ్వా, నువ్వే."

"నిజంగా?"

"నిజంగానే."

అవ్వ మొహం విప్పారింది. "నాది మా అమ్మ మొహమేనంట. చిన్నప్పుడు అందరూ అనేవోళ్ళు. నీకు నేను కనపడితే మా అమ్మ కనపడినట్టే. యాడికీ పోలా," అంటూ రెండు చేతులతో తన చెంపలు తడుముకుంది. ముక్కు తడుముకుంది. ముడతలను వేళ్ళతో పక్కకు జరిపి, కింద ఏముందో వెతుక్కుంటోంది. "బాగా గుర్తు పెట్టుకో. మళ్ళీ ఏడాదికి నువ్వే చెప్పాల."

"అట్నే అవ్వా," అన్నాను.

నేను చెప్పింది అబద్ధం. నాకూ ఆ ముక్కుపుడక పిల్లే కనపడింది.