ఎడమ కాలి మీద నింద

మధ్యాహ్నం రెండు ముద్దలు తిని, తన మెకానిక్ షెడ్డు మూలనున్న పాత బండి సీటు మీద మేస్త్రి నడుం వాల్చాడు. కన్ను మూతపడిందో లేదో బయట వ్యాను ఆగిన చప్పుడైంది. లేవబుద్ధి కాలేదు. పొద్దుటినుంచి రెండు లారీల కింద పాకిన నడుం అది, యాభై ఎనిమిదేళ్ళది. కళ్ళు మూసుకునే ఉంటే వచ్చినవాళ్ళు జాలిపడి వెళ్ళిపోతారేమోనని కాసేపు ఆశపడ్డాడు.

"మావయ్యా, దొంగనిద్ర చాలుగానీ లే. బండి నాకూ కుదుపుతోంది."

అక్క కూతురు. ఆస్పత్రి దుప్పట్లను లాండ్రీకి చేరవేసే ఆ వ్యాను ఈ పిల్ల చేతికొచ్చి నెలన్నర. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆ పని చేసింది వాళ్ళ నాన్న, అంటే మేస్త్రి బావ.

'నాకూ' అన్న మాట చెవిలో పడింది గానీ, లోపలికి దిగడానికి కాస్త సమయం పట్టింది. దిగాక మేస్త్రి నిద్ర ఎగిరిపోయింది.

రెండు నెలల కిందట బావ ఇదే చెప్పాడు. సరుకు నిండుగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది, బండి వెక్కిళ్ళు పెడుతోంది అని. మేస్త్రి ఖాళీ బండిని చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ప్లగ్గులు విప్పి చూస్తే శుభ్రంగా ఉన్నాయి. ఆ రోజూ ఇలాగే ఒళ్ళు పులిసిపోయి ఉంది. "బండికేం లేదు బావా. నీ ఎడమ కాలే. క్లచ్ సగం సగం వదులుతున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అని నవ్వాడు. బావా నవ్వాడు. పదిహేను రోజులు తిరక్కుండా తాళం కూతురి చేతిలో పెట్టి, ఇక చాలన్నాడు.

"ఎక్కడ కుదుపుతోంది?" అని అడిగాడు మేస్త్రి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేస్తూ.

"ఆస్పత్రి గేటు దగ్గర ఎత్తు మీద. మూటలు ఎక్కువుంటే మరీ. ఏం మావయ్యా, నా కాలు కూడా ముసలిదైపోయిందా?"

ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. మేస్త్రి బానెట్ ఎత్తాడు.

ఊరికే నిలబెడితే ఇంజన్ ఎంతో బుద్ధిగా తిరుగుతోంది. ఈ బుద్ధి చూసే కదా రెండు నెలల కిందట మోసపోయింది! బరువు మీద వచ్చే రోగాన్ని బరువు పెట్టే చూడాలి. చక్రాలకు ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టాడు. "హ్యాండ్ బ్రేక్ లాగు. కుడికాలు బ్రేకు మీంచి తియ్యకు. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ కొంచెం, కొంచెమే, వదులు," అని చెప్పి తను పక్కకి జరిగి నిలబడ్డాడు.

ఇంజన్ బరువెక్కి ఒక పక్కకి ఒరిగింది. ఆ వెంటనే దాని లయలో ఒక దెబ్బ తప్పింది. మళ్ళీ ఒకటి. వ్యాను ఒళ్ళంతా వెక్కింది.

"ఇదే, ఇదే!" అని లోపల్నుంచి అరిచింది మేనకోడలు.

నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని నెత్తిన నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఒక్కోటి. ఇంజన్ ఆపించడం, ఒక కాయిల్ కనెక్షన్ ఊడదీయడం, మళ్ళీ స్టార్ట్ చేయించి ఒరిగించడం. ప్రతిసారీ వంగడం, లేవడం. ఒకటోది పీకితే ఇంజన్ ఇంకా చచ్చుబడింది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది పీకితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పనిచెయ్యనిది అదేనన్నమాట.

కాయిల్ పాడైందేమోనని రెండోదాన్నీ మూడోదాన్నీ అటుదిటు, ఇటుదటు మార్చాడు. రోగం కాయిల్ వెంట పోలేదు, మూడో సిలిండర్ దగ్గరే తిష్ట వేసింది. ప్లగ్గు కొత్తది వేశాడు. ఊహూ. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. ప్లగ్గు కాదు, కాయిల్ కాదు. ఇక మిగిలింది తీగే.

పొడి కర్రపుల్ల ఒకటి తీసుకుని, తీగల కట్టను ఒక చివరి నుంచి నొక్కుకుంటూ వచ్చాడు. ఇంజన్ వెనక ఇనప బ్రాకెట్ పక్కన నొక్కగానే మిస్సింగ్ టక్కున ఆగింది. వదిలితే మొదలైంది. నొక్కితే ఆగింది.

"దొరికిందా మావయ్యా?"

"ఆపెయ్ ఇంజన్."

టార్చి వేసి చూశాడు. తీగల కట్టను బ్రాకెట్‌కి ఆకుపచ్చ టేపుతో కట్టి ఉంది. తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. ఆ కట్టు తనదే. నాలుగు నెలల కిందట, నూనె కారుతోందంటే ఇంజన్ పైమూత విప్పి బిగించాడు. అప్పుడు తీగల్ని పట్టి ఉంచే క్లిప్పు చేతిలోనే విరిగింది. కొత్తది తేవడానికి బద్ధకమేసింది. నల్ల టేపు అయిపోయింది. ఇవాళ్టికి ఇలా కానిద్దాంలే అని చేతికందిన ఆకుపచ్చ టేపు నాలుగు చుట్లు చుట్టాడు. ఆ తర్వాత సంగతే మర్చిపోయాడు.

టేపు విప్పాడు. ఎత్తెక్కిన ప్రతిసారీ ఇంజన్ ఒరిగి, తీగ ఆ ఇనప అంచుకి రాసుకుని రాసుకుని పైతొడుగు చిరిగింది. లోపలి రాగి ఇనుముకి తగిలినప్పుడల్లా మూడో కాయిల్‌కి అందాల్సిన కరెంటు అందడం లేదు.

మేనకోడలు దిగొచ్చి తొంగిచూసింది. "ఎవడు మావయ్యా, ఈ దిక్కుమాలిన కట్టు కట్టింది?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ దాన్ని మొయ్యడానికీ ఓపిక కావాలి కదా.

"నేనే," అన్నాడు.

ఆ పిల్ల టార్చి అందుకుని అతనికి వెలుగు పట్టింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి.

చెడిన ముక్క కత్తిరించి, కొత్త తీగ అతికించి, తొడుగు వేసి, కొత్త క్లిప్పుతో బ్రాకెట్‌కి దూరంగా బిగించాడు. మూటలతో ఉన్న బండిని ఆస్పత్రి ఎత్తు మీదికి రెండుసార్లు ఎక్కించి చూశాడు. వెక్కిళ్ళు లేవు. అటునుంచి అటే అక్క వాళ్ళింటికి పోనిమ్మన్నాడు.

ఇంకా వెలుగుంది. రెండో అంతస్తు మెట్లెక్కేసరికి మేస్త్రికి ఆయాసమొచ్చింది. లోపల కిటికీ పక్కన బావ ఎడమ కాలు స్టూలు మీద చాపుకుని, మోకాలి నుంచి మడమ దాకా నూనె రాసుకుంటున్నాడు.

"రారా. రోజూ పట్టిస్తున్నా. ఈ మధ్య కాస్త నయం," అన్నాడు బావ.

మేస్త్రి గుమ్మంలోనే ఆగాడు. "బావా, నీ కాలికేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు. తప్పు తీగది. అది కట్టింది నేను."

జేబులోంచి ఆ తీగముక్క తీసి ఇచ్చాడు. బావ నూనె చేతుల్తోనే అందుకుని, వెలుగుకేసి తిప్పి తిప్పి చూశాడు. చిటికెన వేలంత ఉంది.

"ఇంత ముక్కా?" అన్నాడు.

వంటగది గుమ్మంలోంచి అక్క అందుకుంది. "రెండు నెలల్నుంచి ఆ మనిషి మెట్లు దిగేటప్పుడు కాలు చూసుకుంటూ దిగుతున్నాడురా! పడిపోతానేమోనని. నీ నోటికి ఒక మాట అంతే. ఆయనకి..." అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

బావ నూనె తుడుచుకుని, కూతురి దగ్గర తాళం అడిగి కిందికి దిగాడు. ఎవర్నీ రానివ్వలేదు. అరగంటకి తిరిగొచ్చాడు. మొహం విప్పారి ఉంది, చొక్కా వీపంతా చెమట.

"ఎత్తు మీద ఆపి మరీ ఎక్కించాను. అంగుళం వెనక్కి జారలేదు," అని తాళం మళ్ళీ కూతురి చేతిలోనే పెట్టాడు. "పొద్దున నువ్వే వెళ్ళు."

"అదేంటండీ? కాలు బాగానే ఉందిగా?" అంది అక్క.

"బాగుంది. కానీ ఇరవై రెండేళ్ళు నాలుగింటికి లేచాను. ఇప్పుడు ఆరుదాకా పడుకోవడం అలవాటైంది. చేతకాక మానేశాననుకున్నా ఇన్నాళ్ళూ. అలిసిపోయి మానేశాను, అంతే." మేస్త్రి వైపు తిరిగాడు. "నువ్వు కూర్చోరా ముందు. నిలబడలేకపోతున్నావు."

మేస్త్రి కూర్చున్నాడు. అక్క మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. సగం నీళ్ళు ఒలికిపోయాయి. ఆ మిగిలిన సగం తాగాడు.

వారం దాకా ఆవిడ తమ్ముడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఫోన్ చేసి, మిక్సీ తిరగడం లేదు, తీరిక చేసుకుని రమ్మంది. షెడ్డులో పని మధ్యలోనే వదిలేసి వెళ్ళాడు.