ఆరు తప్పులు

అమెరికాలో డులూత్ అనే ఊళ్లో ఒక కాలేజీలో నేను లెక్కలు చెబుతాను. ఆ ఫిబ్రవరిలో సంభావ్యత పరీక్ష దిద్దుతుంటే రెండు పేపర్లు కంట్లో పడ్డాయి. ఒకటి కోర్లిస్‌ది. ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తూ, నర్సు కావాలని యాభై రెండో ఏట చదువుకు వచ్చిన ఆవిడ. రెండోది రెనాటా అనే ఇరవై ఏళ్ల పిల్లది. ఇద్దరికీ అవే ఆరు ప్రశ్నలు తప్పు. ఆరింటికీ తప్పు జవాబు కూడా ఒకటే.

మర్నాడు క్లాసులో పేర్లు చెప్పలేదు గానీ, నా చూపు ఎటు పోతోందో అందరికీ తెలిసిపోయింది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష కాబట్టి, ఒక్కో ప్రశ్నకు తప్పు జవాబులు మూడు. ఇద్దరూ ఒకే తప్పు పెట్టే అవకాశం మూడింట ఒకటి. బోర్డు మీద ఆరుసార్లు హెచ్చవేశాను. ఏడువందల ఇరవై తొమ్మిదిలో ఒకటి.

"ఏదో కాకతాళీయంగా జరిగింది అంటారా?" అన్నాను నవ్వుతూ. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

కోర్లిస్ లేచింది. "మేడమ్, ఆ అమ్మాయి పేరు కూడా నాకు తెలీదు. తను తలుపు పక్కన, నేను కిటికీ పక్కన. నాదేమన్నా జిరాఫీ మెడా?"

"మరి ఒకే తప్పులు ఎలా వచ్చాయి?"

"ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతేనే హెచ్చవేయాలని మీరే కదా చెప్పింది? మా తప్పులకి సంబంధం ఉందేమో అడిగారా? మంచు తుఫాను రోజు నేను రాలేకపోయాను. రానివాళ్లకి మీరు పంపిన పాఠం కాగితం చూసే నేర్చుకున్నాను."

"నేనూ అంతే," అంది రెనాటా సన్నగా.

కోర్లిస్ ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. 'రెండూ జరిగే అవకాశం కావాలంటే కూడాలి' అని ఉంది, నా చేతిరాతతోనే. హెచ్చవేయాలి అని రాయాల్సిన చోటు అది; ఆ ఆరు ప్రశ్నలూ దాని మీదవే.

చెవులు భగ్గుమన్నాయి. అప్పుడే క్షమించమని అడగాల్సింది. "సరే, తర్వాత చూద్దాం" అని బోర్డు తుడిచేశాను. కోర్లిస్ కోటు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి క్లాసులో తప్పు ఒప్పుకుని, ఇద్దరికీ మార్కులు కలిపాను. కోర్లిస్ రాలేదు. మధ్యాహ్నం లాండ్రీకి వెళ్లాను.

"అందరి ముందూ చెప్పానండీ."

"నేను లేనప్పుడా?" అంది దుప్పటి మడతపెడుతూనే. "నవ్వినవాళ్ల ముందు, నన్ను చూస్తూ చెప్పండి. వస్తాను."

గురువారం క్లాసుకు వచ్చింది. ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను. తలూపి పుస్తకం తెరిచింది.

మేలో మంచి మార్కులతోనే పాసయింది. కనిపిస్తే పలకరించేది. సందేహాలు మాత్రం నన్ను మళ్లీ అడగలేదు, రెనాటాను అడిగేది.