రెండో ఎడిషన్‌లో వైద్యురాలు

నవత ఇక ఆటకి రానని చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే నెల నుంచి నాతోని గాదు వైదేహక్కా," అంది క్యాంటీన్ బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని సమోసా తుంచుకుంటూ. "బోరు కొడుతున్నది. పడ్డోళ్ళను లేపుడు, కట్లు కట్టుడు. గంతే గదా నా పని."

ఆట నాది. యూనివర్సిటీలో నేను మొక్కల మీద పరిశోధన చేస్తున్నానని మా ఇంట్లో అనుకుంటారు గాని, మూడేళ్ళుగా మనసు పెట్టి చేస్తున్న పని 'కోటగుమ్మం' ఒక్కటే. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, నోటితో నడిపే కథ అది. రాక్షసుల్నీ గుహల్నీ నేను పుట్టిస్తాను. మిగతావాళ్ళు తలో పాత్రా పట్టుకుని వాటి మధ్య నెగ్గుకొస్తారు. ఏ పాత్ర ఏ పని చేయగలదో చెప్పేదాన్ని క్లాసు అంటాం. సాకేత్‌ది మల్లుడి క్లాసు, దేవేందర్‌ది మాంత్రికుడు, నవతది వైద్యురాలు. మల్లుడు ఎగిరెగిరి దెబ్బలు తింటాడు. మాంత్రికుడు గురి తప్పి మల్లుణ్ణే కాలుస్తాడు. వైద్యురాలు ఇద్దర్నీ బతికిస్తుంది. నవత లేకపోతే మా కథ మొదటి గుహలోనే కంచికి వెళ్ళిపోయేది.

ఆ సాయంత్రం ఇద్దరం క్యాంపస్ నుంచి తార్నాక వైపు నడుస్తుంటే అసలు సంగతి చెప్పింది. హాస్టల్లో ఆమె గడువు అయిపోయింది. గోల్నాకలో మేనమామ ఇంటికి మారాలి. వాళ్ళవి రెండు గదులు, ఉండేది ఆరుగురు. నవత హాల్లో పడుకోవాలి. మేం ఆట ఆడే ఆదివారం అంటే అక్కడ ఇంటి పనికి దొరికిన రోజని అర్థం.

నేను అద్దెకుంటున్న ఫ్లాట్‌లో చిన్న గది ఖాళీగా ఉంది. నాతో ఉన్న మనీషా ఉద్యోగం వచ్చి పుణె వెళ్ళాక దాన్ని అట్టపెట్టెలతో నింపేశాను. 'మా ఇంటికి రా' అన్న మాట నోటిదాకా వచ్చింది. పిలిస్తే కాదనలేక ఒప్పుకుంటుందేమో, నా చిర్రుబుర్రులు పడలేక నెలలోపే పారిపోతుందేమో అనుకుని మింగేశాను. బదులుగా "వైద్యురాలి క్లాసు మార్చేస్తాను. రెండో ఎడిషన్ రాస్తాను," అన్నాను. ఆట బాగుంటే గోల్నాక నుంచైనా రాదా? నవత ఉండాలి, అంతే. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మొదట పేరు మీద పడ్డాను. 'ప్రాణదాత్రి' అన్నాను.

"ప్రైవేటు దవాఖాన బోర్డు లెక్కున్నది," అంది నవత.

'మూలికేశ్వరి' అన్నాను. అగరబత్తి పేరంది. 'ఓషధి' అంటే సబ్బు పేరంది.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ," అన్నాడు దేవేందర్. "పేరు మారిస్తే ఏమైతది అక్కా? పని గదే గద."

వాణ్ణి తిట్టాను గాని వాడన్నది నిజమే. అసలు నీకేం నచ్చట్లేదో చెప్పి చావమని నవతని నిలదీశాను.

"ఎవడన్న కింద పడితే నన్ను పిలువరు గూడ పిలువరు. నా దిక్కు చూస్తరు, గంతే. నేను లేచి కట్టు కట్టాలె. ఒక్కపారన్న నోరు తెరిచి అడుగుతరా?"

నాకు కొత్త క్లాసు దొరికింది. మళ్ళీ పేరు వైద్యురాలే. కానీ ఇకనుంచి దెబ్బ తిన్నవాడు ఫలానా సాయం కావాలని నోటితో అడగాలి. ఆమె అవునైనా అనొచ్చు, కాదైనా అనొచ్చు. అడగందే అమ్మైనా పెట్టదని పెద్దలు ఊరికే అన్నారా? పైగా మూలికలు అందరి సంచుల్లోనూ ఉంటాయి, ఎవరు ఎవరినైనా అడగొచ్చు. ఇంత చక్కటి రూలు నా బుర్రలో పుట్టినందుకు నా వీపు నేనే తట్టుకోవాలనిపించింది.

ఆదివారం వాన పట్టుకోవడంతో కొత్త ఎడిషన్‌ని మా ఫ్లాట్‌లోనే ఆడి చూశాం. పది నిమిషాల్లో సాకేత్ మల్లుణ్ణి ఎలుగుబంటి కొట్టి పడేసింది.

"ఏమన్న గావాల్నా?" అంది నవత.

"అబ్బే, పర్లేదు. ముందు నీ పని కానీ," అన్నాడు సాకేత్.

"సరే," అని నవత ముందుకెళ్ళిపోయింది. మల్లుడు చచ్చిపోయాడు.

సాకేత్ లేచి నిలబడ్డాడు. "అదేంటి! ఒకసారి వద్దంటే ఇంకోసారి అడగాలి కదా! వడ్డించేటప్పుడు ఎవరైనా మొదటిసారే వేయించుకుంటారా?"

"మా దిక్కు గూడ గంతే. మూడుపార్లు వద్దనాలె, నాలుగోపారి తినాలె," అంది నవత. "గని రూల్ల లేదు గద."

పది ఊళ్ళ రాక్షసుల్ని గెలిచిన మల్లుణ్ణి మొహమాటం చంపేసింది. నవ్వాపుకోలేక పొట్టలు పట్టుకున్నాం. మళ్ళీ మొదలుపెడితే సాకేత్ ఈసారి తెగించాడు. కట్టు కావాలి, కషాయం కావాలి, తల కింద దిండు కావాలి అంటూ మగపెళ్ళివారిలా మొదలుపెట్టాడు. ఒక వంతుకి ఒక్కటే అడగాలని అక్కడికక్కడే కొత్త రూలు రాశాను.

కొండచిలువ గుహలో నవత వైద్యురాలు పడిపోయింది.

మూడేళ్ళలో ఆమె ఎప్పుడూ పడలేదు. పాత ఎడిషన్‌లో వైద్యురాలు వెనకే ఉండేది. ఇప్పుడామె పక్కనే దేవేందర్ మాంత్రికుడు మూలిక పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక్క మాట అడిగితే బతుకుతుంది.

"అడుగు," అన్నాడు దేవేందర్.

నవత పాచికల్ని అరచేతిలో దొర్లిస్తూ కూర్చుంది. "పర్లేదు తియ్."

"ఏం పర్లేదు? చస్తవు. ఇంతమందిని లేపినవు, నువ్వొక్కపారి అడగరాదా?"

ఆమె ముఖం కందిపోయింది. "నాకు అడుగుడు రాదురా," అంది మెల్లగా. ఆ మాటకి సాకేత్ కూడా నవ్వడం మానేశాడు. నవత పెట్టించిన రూలు నవత గొంతుకే అడ్డం పడింది. నేను చెప్పి ఇప్పిద్దామంటే ఆట నడిపే దాన్ని, నోరు కట్టేసుకుని కూర్చోవాలి.

కాసేపటికి ఆమె తలెత్తింది. "అక్కా, ఈ వంతుల ఎవరినన్న అడగొచ్చు గద?"

"ఎవరినైనా. ఒక్కటే."

"అయితే నిన్నడుగుత." గబగబా అనేసింది. "ఆ చిన్న అర్ర నాకిస్తవా? సగం కిరాయి కడత. గోల్నాకకు పోబుద్ధైతలేదు."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్ని పేర్లు మార్చి, ఇన్ని రూళ్ళు రాసి, ఒక్క ముక్క నోటితో అనలేకపోయాను. ఆమె నాకు కావాలి. ఆట కోసం మాత్రమే అయితే వేరే వైద్యురాల్ని వెతుక్కునేదాన్ని.

"అవునో కాదో చెప్పాలి. రూలు," అని గుర్తుచేశాడు సాకేత్.

"ఇస్తాను! ఆ రోజు నడుస్తున్నప్పుడే ఇద్దామనుకున్నాను!" అని అరిచాను.

"మరి చెప్పవేంది?"

"మొహమాటం!"

"ఓ నీ..." అని నవత తల కొట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది. నేనూ అంతే.

దేవేందర్ ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. "మరి నా మూలిక?"

అందరూ నా వైపు తిరిగారు. వంతుకి ఒక్కటే. ఆమె అడిగేసింది. రూలు రాసిందాన్ని నేనే, ఇవాళ్టికి కొట్టేద్దామని పెన్ను తీశాను. నవత నా చెయ్యి పట్టుకుంది.

"రూలంటే రూలు. చచ్చిపోనియ్యి."

మూడేళ్ళు మమ్మల్నందర్నీ మోసిన వైద్యురాలు రెండో ఎడిషన్ మొదటి ఆటలోనే పోయింది. నవత ఆ పాత్ర కాగితాన్ని మడిచి, లేచి, చిన్న గది తలుపు తీసింది. లోపల కాసేపు పెట్టెలు జరిపిన చప్పుడు. తర్వాత గొంతు వినిపించింది.

"డబ్బలు మస్తు బరువున్నయ్! సాకేత్, దేవేందర్, ఏం చూస్తున్రు? అక్కా, నువ్వు గూడ రా. అడుగుతున్న గద!"